గుణుపురం బండి, రెండు గుళ్ళు

మా నాన్నది గుణుపురం, లూథరన్ కుటుంబం. అమ్మది పర్లాకిమిడి, బాప్టిస్టు కుటుంబం. రెండూ క్రైస్తవ శాఖలే. ఈ రెండు ఊళ్ళ మధ్య తిరిగేది నౌపడ నుంచి వచ్చే నారోగేజి బండి. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా పడిన ఆ లైను 1931 నాటికి గుణుపురం చేరింది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఈ రెండు ఊళ్ళూ అటు వెళ్ళాయి, పాతపట్నం, టెక్కలి ఇటు ఉండిపోయాయి. ఇళ్ళల్లో తెలుగు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. నాన్న ఆ లైనులోనే ఉద్యోగం చేశారు కాబట్టి బడికి సెలవులు ఇవ్వగానే పెట్టె సర్దుకుని అమ్మమ్మ ఇంటికి బయలుదేరేవాళ్ళం. యాభై కిలోమీటర్ల దూరానికి ఆ బండి ఓ పూటంతా తీసుకునేది. దిగి ఇల్లు చేరగానే అమ్మమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, నా తల నిమిరి, అందరికీ అన్నాలు పెట్టి, ఆకులు తీసేశాక నాన్నతో వాదం మొదలుపెట్టేది.

వాదం ఎప్పుడూ ఒకటే. నాకు బాప్తిస్మం అయినట్టా, కానట్టా?

నాన్న లెక్కలో ఎప్పుడో అయిపోయింది. పాలు తాగే వయసులోనే గుణుపురం గుడిలో పాస్టరు గారు నా నెత్తిన మూడుసార్లు నీళ్ళు పోసి పేరు పెట్టారు. అమ్మమ్మ లెక్కలో అది పేరు పెట్టడమే, బాప్తిస్మం కాదు. బుద్ధి తెలిసి, పాపం ఒప్పుకుని, తన నోటితో తాను సాక్ష్యం చెప్పి, నదిలో మునిగి లేస్తేనే బాప్తిస్మం. "కళ్ళాపి చల్లితే వాకిలి శుద్ధి అవుతుంది గాని మనిషి అవుతుందా, అల్లుడు గారూ?" అనేది. నాన్న నవ్వి, "మునిగినా నీళ్ళే, చల్లినా నీళ్ళే, అత్తయ్య గారూ. నీళ్ళతో కలిసిన మాటది ఆ శక్తి" అనేవారు. ఆ జవాబు నాన్న సొంతం కాదని కొంత పెద్దయ్యాక తెలిసింది. 1529లో లూథరన్ శాఖ మూలపురుషుడు మార్టిన్ లూథర్ ఇళ్ళల్లో పిల్లలకు నేర్పడానికి రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో ఉన్నదే అది. నీళ్ళు అంతటి పని ఎలా చేస్తాయన్న ప్రశ్నకు, చేసేది నీళ్ళు కాదు, నీళ్ళతో ఉన్న దేవుని వాక్యం, ఆ వాక్యాన్ని నమ్మే విశ్వాసం అని అక్కడ జవాబు. అమ్మమ్మకు ఆ ప్రశ్నోత్తరి తెలియదు. తెలిసినా లెక్కపెట్టేది కాదు.

అమ్మమ్మ పట్టుదల కూడా ఊరికే పుట్టింది కాదు. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి, సముద్రతీరం వెంట ఉత్తరానికి వస్తూ పర్లాకిమిడి దాకా వచ్చారు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వకపోవడం వాళ్ళకు ప్రాణంతో సమానమైన నియమం. దేవుని కృప అందించే పవిత్ర కార్యమనే అర్థంలో మిగతావాళ్ళు వాడే సంస్కారం అనే మాట కూడా పెద్దగా వాడరు, ప్రభువు ఇచ్చిన ఆజ్ఞ అంటారు. పిల్లలు పుడితే గుడికి తెచ్చి ప్రతిష్ఠ చేసి ప్రార్థిస్తారు, అంతే. నీళ్ళ దాకా వచ్చే రోజు ఆ పిల్లలే ఎంచుకోవాలి.

మహేంద్రతనయ నదిలో బాప్తిస్మాలు జరిగే ఉదయం నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. పాస్టరు గారు పంచె బిగించి నడుము లోతులో నిలబడేవారు. తెల్లచీరల్లో ఉన్న ఆడవాళ్ళ కుచ్చెళ్ళను నీళ్ళు పైకి లేపకుండా మా పెద్దమ్మ ఒడ్డునే పిన్నీసులు పెట్టి పంపేది. పాస్టరు గారి ఎడమచేతిలో మడిచిన రుమాలు. దాన్ని మనిషి ముక్కు మీద అదిమి, కుడిచెయ్యి మెడ కింద పెట్టి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామం చెప్పి వెనక్కి వాల్చేవారు. ఒక్క క్షణం మనిషి కనిపించకుండా పోయేది. లేవగానే ఒడ్డున ఉన్నవాళ్ళు పాట అందుకునేవాళ్ళు. గేదెలు తోముకునేవాళ్ళు కూడా పని ఆపి చూసేవాళ్ళు. అమ్మ తన పదహారో ఏట అక్కడే మునిగింది. ఆ రోజు నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో ఇప్పటికీ చెబుతుంది. నాన్నకు ఇలా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆయన బాప్తిస్మం ఆయనకు గుర్తు లేదు. "గుర్తుండాల్సింది నాకు కాదు, దేవుడికి" అనేవారు. ఆ మాటకు అమ్మమ్మ దగ్గర ఎప్పుడూ సమాధానం ఉండేది కాదు. అయినా వాదం మానేది కాదు.

ఈ తగువు మా ఇంటి కన్నా చాలా పాతది. నేను ఉద్యోగంలో చేరాక, 'దిదఖే' అనే ప్రాచీన గ్రంథం గురించి చదివాను. పన్నెండుమంది అపొస్తలుల బోధ అని దాని పేరు. మొదటి శతాబ్దం చివరో, రెండవ శతాబ్దం మొదట్లోనో రాసిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. వందల ఏళ్ళు కనిపించకుండా పోయి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది, 1883లో అచ్చయింది. అందులో బాప్తిస్మం ఎలా ఇవ్వాలో ఒక చిన్న అధ్యాయం ఉంది. పారే నీళ్ళలో ఇవ్వండి. పారే నీళ్ళు లేకపోతే వేరే నీళ్ళలో. చన్నీళ్ళు కుదరకపోతే వేడినీళ్ళు. రెండూ చాలినన్ని లేకపోతే తల మీద మూడుసార్లు పోయండి. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మొదటి వాక్యం అమ్మమ్మది, చివరి వాక్యం నాన్నది. అప్పటికి అమ్మమ్మ లేదు. నాన్నకు చదివి వినిపిస్తే, "పారే నీళ్ళు ముందు రాశాడు కదా, మీ అమ్మమ్మే గెలిచింది" అని ఒప్పుకున్నారు. ఎదురుగా ఉంటే ఒప్పుకునేవారు కాదు లెండి.

గుణుపురం గుడి సంగతికి వస్తాను. జర్మనీ ఉత్తరాన బ్రెక్లుం అనే ఊరి నుంచి లూథరన్ మిషనరీలు 1882లో జయపురం జమీందారీ ప్రాంతానికి వచ్చారు. కొరాపుట్, జయపురం, కోట్‌పాడ్, సాలూరు, పార్వతీపురం, గుణుపురం, ఇలా కొండకు అటూ ఇటూ వాళ్ళ స్టేషన్లు వెలిశాయి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు పని వదిలి వెళ్ళాల్సివస్తే అమెరికా లూథరన్లు కొంతకాలం చూసుకున్నారు. 1928లో జయపురం ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. మా తాత పార్వతీపురం వైపు నుంచి గుణుపురం వచ్చి స్థిరపడినవాడు. ఆయన వెంట ఆరాధన క్రమం పుస్తకం కూడా వచ్చింది. అట్ట ఊడిపోయి, ఎవరో నల్లదారంతో కుట్టిన ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది.

మా గుడికి వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళం కొందరం, ఒడియా వాళ్ళు కొందరు. కొండల మీద నుంచి దిగి వచ్చే సవర కుటుంబాలు కొన్ని. పండుగ ఆదివారాల్లో అందరికీ కలిపి ఒకే ఆరాధన జరిగేది. పాస్టరు గారు ఒక భాగం తెలుగులో, ఒక భాగం ఒడియాలో నడిపేవారు. ప్రసంగం సగంమందికి సగమే అర్థమయ్యేది, నిజం చెప్పాలంటే అర్థమైన సగంలో కూడా కొందరు కునికేవాళ్ళు. కాని క్రమం మాత్రం అందరికీ తెలుసు. ఒప్పుకోలు ఎప్పుడు, "ప్రభువా, మమ్మును కనికరించుము" ఎప్పుడు, ఎప్పుడు లేచి నిలబడాలి, ఎప్పుడు మోకరించాలి, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. విశ్వాస ప్రమాణం వచ్చేసరికి ఎవరి భాషలో వాళ్ళు గట్టిగా అందుకునేవాళ్ళు. ఒడియా వాళ్ళు ముందు ముగించేవాళ్ళు, మేము వెనకాల. సవర అవ్వలది అన్నిటికన్నా చివర. ఆమెన్ మూడుసార్లుగా వచ్చేది. పాస్టరు గారు మూడో ఆమెన్ దాకా కళ్ళు తెరవకుండా ఆగేవారు.

ఆ అవ్వల్లో ఒక్కరికీ చదువు రాదు. మా చేతుల్లో పుస్తకాలుండేవి, వాళ్ళకు అక్కర్లేదు. చాపల మీద వెనక వరుసలో కూర్చుని, పాస్టరు గారు "ప్రభువు మీతో నుండును గాక" అనగానే మా అందరికన్నా ముందు బదులు పలికేవాళ్ళు. కుర్చీల్లో కూర్చున్న మాస్టర్లు, గుమాస్తాలు వాళ్ళ వెనక అందుకోవాల్సి వచ్చేది. వారమంతా ఆ అవ్వల మాట ఎవరూ విననిచోట ఇది చిన్న విషయం కాదు. సొంత మాటలతో గడగడా ప్రార్థించడం వచ్చినవాళ్ళకే నోరుండే కూటాలు తర్వాత నేను చాలా చూశాను. అక్కడ ఇలాంటి అవ్వలు చేతులు కట్టుకుని కూర్చుంటారు.

నాకు ఓణీ వేసిన ఏడాది కన్ఫర్మేషన్ తరగతులు పెట్టారు, పసితనంలో బాప్తిస్మం అయిన పిల్లలు బుద్ధి తెలిశాక తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకోవడానికి. శనివారం సాయంత్రాలు గుడి వరండాలో. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, అన్నీ ప్రశ్నలు జవాబులుగా బట్టీ పట్టాలి. మా స్టేషను మాస్టరు గారి అమ్మాయి కేథలిక్కు. "మీకు రెండేనా సంస్కారాలు? మాకు ఏడు" అని జాలిపడేది. పాస్టరు గారిని అడిగితే, లూథర్ 1520లోనే ఏడు లెక్కను ప్రశ్నించాడని, కేథలిక్కులు ట్రెంట్ సభలో 1547లో ఏడూ ఏడేనని ఖాయం చేసుకున్నారని చెప్పి, "నీకు ఆ రెండూ సరిగ్గా వచ్చాయా ముందు చెప్పు" అన్నారు.

ఆయన కథలు బాగా చెప్పేవారు. 1529లో మార్బుర్గ్ కోటలో లూథర్‌కూ, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన మరో సంస్కర్త జ్వింగ్లీకీ మధ్య జరిగిన వాదన చెప్పిన రోజు సుద్దముక్క తీసుకుని వరండాలో ఉన్న బల్ల మీద "ఇది నా శరీరము" అని పెద్ద అక్షరాలతో రాశారు. లూథర్ కూడా అలాగే బల్ల మీద లాటిన్‌లో రాసి, ఆ మాట నుంచి కదలనన్నాడట. రొట్టె కేవలం గుర్తు అని జ్వింగ్లీ, క్రీస్తు అందులో నిజంగా ఉన్నాడని లూథర్. మిగతా పద్నాలుగు అంశాల్లో కుదిరిన రాజీ ఆ ఒక్కదానిలో కుదరలేదు. మా అమ్మ పుట్టింటివాళ్ళు జ్వింగ్లీ పక్షం, నాన్న లూథర్ పక్షం అని అప్పుడే నాకు తెలిసింది. ఇంటికి వెళ్ళి అమ్మతో చెబితే, "వాళ్ళు ఎవరో నాకు తెలియదు. నేను మాత్రం వణుకుతూనే తీసుకుంటాను" అంది, చేట చెరుగుతూ.

నెలలో మొదటి ఆదివారం బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభురాత్రి భోజనం. ముందురోజు సాయంత్రం సిద్ధపాటు కూడిక. బల్లలో పాలుపొందేవాళ్ళు వచ్చి పేర్లు రాయించుకోవాలి. పేర్లు రాసే నెపంతో పాస్టరు గారు ఊళ్ళో ఎవరికి ఎవరితో మాటలు లేవో కనుక్కునేవారు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ నీ సహోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమన్న ప్రభువు మాటను ఆయన అక్షరాలా తీసుకునేవారు.

ఒకసారి మా మేనత్తకూ పక్కింటి టీచరమ్మకూ మునగచెట్టు దగ్గర వచ్చింది. చెట్టు టీచరమ్మ వాళ్ళది, కొమ్మ మా గోడ మీద. గొంగళిపురుగులు పడుతున్నాయని అత్త మనిషిని పెట్టి కొమ్మ కొట్టించింది. అప్పటికి అది కాపు మీద ఉంది. నెలల తరబడి మాటల్లేవు. ఆ శనివారం ఇద్దరూ వచ్చారు, ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల.

"రేపు బల్ల ఉంది. మీ ఇద్దరి సంగతి ఏమిటమ్మా?" అన్నారు పాస్టరు గారు.

"నాదేముంది అయ్యగారూ, నేను ఎప్పుడో క్షమించేశాను" అంది అత్త, గోడ వైపు చూస్తూ.

"నన్ను క్షమించడానికి నేనేం చేశానట?" అంది టీచరమ్మ.

పాస్టరు గారు పేర్ల పుస్తకం మూసేశారు. "అయితే గిన్నె బీరువాలోనే ఉంటుంది. మీ మునగచెట్టు తేలేదాకా సంఘమంతా ఆగుతుంది. అందరికీ నేనే చెబుతాను, ఎందుకు ఆగిందో."

చీకటిపడ్డాక అత్త లాంతరు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. నన్ను తోడు తీసుకువెళ్ళింది కాబట్టి చూశాను. గుమ్మంలో నిలబడి, "కొట్టించకుండా ఉండవలసింది" అంది. టీచరమ్మ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి ఓ కట్ట మునక్కాడలు తెచ్చి అత్త చేతిలో పెట్టింది. మర్నాడు బలిపీఠం ముందున్న కటాంజనం దగ్గర ఇద్దరూ పక్కపక్కనే మోకరించారు. లేచి వస్తూ అత్త, "కాడలు ముదిరాయి" అని నెమ్మదిగా అంది. టీచరమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. పంచాయతీలో తేలని తగవులు ఎన్నో ఆ చెక్క కటాంజనం ముందు తేలేవి. అందరివీ తేలాయనను. ఏళ్ళ తరబడి బల్లకు దూరంగా ఉండిపోయినవాళ్ళు కూడా ఉన్నారు, అందులో మా చిన్నాన్న ఒకడు.

ద్రాక్షారసం పాస్టరమ్మ గారి చేతి పని. గింజలున్న నల్ల ఎండుద్రాక్ష కడిగి, రాత్రంతా నానబెట్టి, తెల్లవారుజామున పిసికి, మరిగించి, పలచటి బట్టలో వడకట్టేవారు. రొట్టె కూడా ఆవిడే చేసేవారు. మైదాను పులియబెట్టకుండా ముద్ద చేసి, పెనం మీద పలచగా కాల్చి, కత్తితో గీతలు పెట్టేవారు. గీత వెంబడి విరిస్తే పుటుక్కుమనేది. ఆ చప్పుడు గుడి చివరి వరుస దాకా వినిపించేది. గిన్నె ఒక్కటే, వెండిపూత వేసిన పొడుగు గిన్నె. పాస్టరు గారు ఒకరి పెదవులకు ఆనించి, తెల్లగుడ్డతో అంచు తుడిచి, కొంచెం తిప్పి తర్వాతివాళ్ళకు ఇచ్చేవారు. వరుస చివరికి వచ్చేసరికి గిన్నె పూర్తిగా ఒక చుట్టు తిరిగేది.

ఈ ఒక్క గిన్నె వెనక చాలా కథ ఉంది. నాన్న చిన్నప్పుడు ఒకచోట, ఏ ఊరో ఆయన చెప్పేవారు కాదు, కటాంజనం దాకా వచ్చిన ఒక పెద్దమనిషి తనకన్నా ముందు గిన్నె ఎవరి పెదవికి తగిలిందో చూసి లేచి వెళ్ళిపోయాడట. పాస్టరు ఆపలేదు, వరుస మార్చలేదు. గిన్నె ఆ ఖాళీని దాటి తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళింది. కులం వదిలామని చెప్పుకునేవాళ్ళను పరీక్షించే చోటు అదే. పాటలు అందరూ కలిసి పాడతారు, ఒకే చాప మీద కూర్చుంటారు, ఎంగిలి దగ్గర అసలు రంగు బయటపడుతుంది. కొరింథు సంఘానికి పౌలు రాసిన పత్రికలోనూ ఇదే గొడవ. కలిగినవాళ్ళు ముందే తినేస్తే లేనివాళ్ళు ఆకలితో చూస్తూ ఉండేవాళ్ళు. "నన్ను జ్ఞాపకము చేసికొనుటకై దీనిని చేయుడి" అన్న మాటలు పౌలు అక్కడ గుర్తు చేసింది ఆ సిగ్గుమాలిన పంక్తి గురించి కోపంలోనే. ఆ పెద్దమనిషి తర్వాత ఎప్పుడైనా వచ్చాడా అని అడిగితే, "వచ్చాడు. కొడుకు పోయిన ఏడాది వచ్చాడు" అని నాన్న ఊరుకునేవారు.

నాన్న చివరి రోజుల్లో మంచం దిగలేకపోయినప్పుడు పాస్టరు గారు ఆదివారం ఆరాధన కాగానే నేరుగా ఇంటికి వచ్చేవారు. చేతిలో చిన్న చెక్కపెట్టె. అందులో బొటనవేలంత గిన్నె, మూతపెట్టిన రొట్టె ముక్క, తెల్లగుడ్డ. మందుసీసాలు పక్కకు జరిపి స్టూలు మీద గుడ్డ పరిచేవారు. సుమారు 155లో రోమ్‌లో జస్టిన్ అనే విశ్వాసి చక్రవర్తికి క్రైస్తవుల ఆదివారం ఎలా ఉంటుందో వివరించాడు. అపొస్తలుల రాతలు, ప్రవక్తల రాతలు చదవడం, బోధ, అందరూ లేచి ప్రార్థించడం, రొట్టె, నీళ్ళు, ద్రాక్షారసం, కృతజ్ఞతాస్తుతి, జనం ఆమెన్ అనడం. ఆ తర్వాత, రాలేనివాళ్ళకు పరిచారకులు తీసుకువెళ్ళి ఇవ్వడం. మా ఇంటి స్టూలు మీద జరిగింది ఆ చివరి వాక్యమే. పద్దెనిమిది వందల ఏళ్ళ పైబడిన పద్ధతి నాన్న దాకా వచ్చిందని తర్వాత తెలిసి, ఆ పెట్టెను మరికాస్త శ్రద్ధగా చూసి ఉంటే బాగుండేదనిపించింది.

కోత పండుగ గురించి రాస్తే ఇది ఆగదు. గుమ్మడికాయలు, చోళ్ళు, పసుపు, కోళ్ళు బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన అయ్యాక వేలం వేసేవాళ్ళనీ, మా నాన్న ఇచ్చిన కోడిని ప్రతిసారీ నాన్నే పాడి తెచ్చుకునేవారనీ మాత్రం చెప్పి వదిలేస్తాను.

ఇప్పుడు నేను ఉండేది పెద్ద నగరంలో. వెళ్ళే గుడి కూడా పెద్దదే. ఆరాధన అంటే అక్కడ మొదటి ముప్పావు గంట పాటలు. వేదిక మీద కీబోర్డు, డ్రమ్ములు, వెనక పెద్ద తెర మీద పదాలు. పాడే పిల్లలు బాగా పాడతారు, నాకు ఇష్టమే. నా వయసువాళ్ళు కొందరు చెప్పుకున్నట్టు అదంతా తమాషా అని నేననను. మా చిన్నతనంలో గుడి వెనక నిద్రపోయిన కుర్రాళ్ళ మనవలు ఇవాళ ముందు వరుసలో చేతులెత్తి నిలబడుతున్నారు. పాత క్రమాన్ని రేషను కార్డు చదివినట్టు చదివేసే పాస్టర్లను కూడా చూశాను. కాని ఆ ముప్పావు గంటలో జనం చేసే పని ఏమిటని చూస్తే, వినడం, చూడడం. ఒప్పుకోలు లేదు. విశ్వాస ప్రమాణం క్రిస్మస్‌కు ఒకసారి. ఎవరూ ఎవరికీ బదులు పలకనక్కర్లేదు.

బల్ల ఉంది, మూడు నెలలకు ఒకసారి. గుమ్మంలోనే ఒక్కొక్కరికీ ఒక ప్లాస్టిక్ కప్పు ఇస్తారు. పై రేకు ఊడదీస్తే పలచటి బిళ్ళ, కింది రేకు ఊడదీస్తే గుక్కెడు రసం. ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుని, ఎవరి రేకు వాళ్ళు ఊడదీసుకుని, బయటికి వెళ్తూ బుట్టలో పడేస్తారు. విడివిడి చిన్నగిన్నెలు ఈనాటివి కావు. క్రిముల భయంతో అమెరికా సంఘాల్లో 1890లలోనే వచ్చాయి. ఆరోగ్యం మాట నేను కొట్టిపారెయ్యను. క్షయ ఉన్న ఇంట్లో పెరిగినదాన్ని. కాని మన దేశంలో ఆ చిన్నగిన్నెలను ఆనందంగా ఆహ్వానించినవాళ్ళందరూ క్రిముల గురించే ఆలోచించారంటే మటుకు నమ్మను. లేచి వెళ్ళిపోయిన ఆ పెద్దమనిషికి ఇప్పుడు లేవవలసిన అవసరమే ఉండదు.

2020 మార్చి చివర్లో అన్నీ మూతపడ్డాయి. ఏప్రిల్ 10న శుభ శుక్రవారం, 12న పునరుత్థాన పండుగ ఫోను ముందే జరిగాయి. మా అన్నయ్య రాయగడలో ఉంటాడు. పెళ్ళయ్యాక స్వతంత్ర సంఘంలో చేరాడు. వాళ్ళ పాస్టరు అందరినీ ఇంట్లో ఉన్న రొట్టె, ఉన్న రసం ఎదురుగా పెట్టుకోమని ఫోనులోనే ప్రార్థించి బల్ల నడిపించాడు. మా సంఘం మళ్ళీ కూడేదాకా బల్ల ఉండదంది. లోకమంతటా సంఘాలు ఆ వేసవిలో ఈ విషయం మీదే రెండుగా చీలి వాదించుకున్నాయి. మేమిద్దరం కూడా ఫోనులో గంటలకొద్దీ వాదించుకున్నాం. "దేవుడికి వైఫై అడ్డమా?" అన్నాడు. "దేవుడికి కాదు, మునగచెట్టుకు అడ్డం" అన్నాను. అన్నయ్యకు వెంటనే అర్థమైంది. తెరలో కనిపించేవాళ్ళతో ఎవరికీ తగువు ఉండదు, పక్కన మోకరించేవాళ్ళతోనే ఉంటుంది. అలాగని ఒంటరిగా ఆస్పత్రిలో పోయినవాళ్ళకు ఆ చెక్కపెట్టె అందలేదన్న బాధ నన్నూ విడిచిపెట్టలేదు. ఫోనులోనైనా ఆ మాటలు వినిపించి ఉంటే తప్పేమిటని అన్నయ్య అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు.

తాజా గొడవ మళ్ళీ బాప్తిస్మం దగ్గరికే వచ్చింది. అన్నయ్య కూతురు గుణుపురం అబ్బాయినే చేసుకుంది, లూథరన్. వాళ్ళకు పాప పుట్టింది. పాపకు గుడిలో బాప్తిస్మం ఇప్పించాలని అత్తవారు, పెద్దయ్యాక నదిలో అని అన్నయ్య. అమ్మమ్మ వాదమంతా అన్నయ్య నోట పొల్లుపోకుండా వినిపిస్తుంటే అమ్మ ముసిముసిగా నవ్వుతుంది. పైగా పసితనంలో తీసుకున్నది చెల్లదని ఆయన సంఘం ఆయనకు మళ్ళీ ఇప్పించింది కూడా. నేను ఊరుకోలేక రెండు సంగతులు చెప్పాను. 1970లో నాగపూర్‌లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అందులో బాప్టిస్టులూ ఉన్నారు, పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే ఆంగ్లికన్లూ ఉన్నారు. పసిపిల్లల బాప్తిస్మం, పెద్దయ్యాక బాప్తిస్మం రెండూ చెల్లుతాయని ఒప్పుకునే కలిశారు. 1982లో పెరూ రాజధాని లీమాలో ప్రపంచ సంఘాల సమాఖ్య తరఫున పండితులు కూర్చుని బాప్తిస్మం, ప్రభుభోజనం, పరిచర్యల మీద ఒక పత్రం ఆమోదించారు. బాప్తిస్మం ఒకేసారి జరిగేది, మళ్ళీ ఇచ్చినట్టు అనిపించే ఏ పనీ చెయ్యవద్దని అందులో స్పష్టంగా ఉంది. అన్నయ్య అంతా విని, "పత్రాలు సరేలే, నాన్న బతికుంటే నా బాప్తిస్మానికి వచ్చేవారా?" అన్నాడు.

"వచ్చేవారు. ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడేవారు. ఇంటికొచ్చాక వాదించేవారు" అంది అమ్మ.

వచ్చే నెల మొదటి ఆదివారం గుణుపురంలో పాప బాప్తిస్మం, బల్ల కూడా ఆ రోజే. నారోగేజి 2004లో మూతపడి తర్వాత బ్రాడ్‌గేజి అయింది కాబట్టి ప్రయాణం ఇప్పుడు పూట పట్టదు. అన్నయ్య వస్తాడట గాని సాక్షిగా నిలబడడట. అమ్మ అప్పుడే గుణుపురం పాస్టరు గారికి ఫోను చేసి, శనివారం సిద్ధపాటు కూడికలో మా అన్నయ్య పేరు, వియ్యంకుడి పేరు పక్కపక్కనే రాసి పెట్టమని చెప్పింది.